ఎరుకమట్టి

మా అక్క తయారుచేసిన మట్టికి మనుషుల్ని గుర్తుపట్టడం వచ్చు. ఒక్కసారి కాలు మోపితే చాలు, ఇది ఫలానా వాళ్ళ కాలు అని చెప్పేస్తుంది. అలాంటి మట్టి మా అమ్మని మరిచిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ బురదలోనే బతికిన మనిషిని.

నా పేరు నూకరాజు. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట నీలపురేవు మా ఊరు. పడవలు కట్టే రేవులో నాకో టీ కొట్టు ఉంది. ఇంట్లో ఉన్న చదువంతా మా అక్క వీరవేణి పట్టుకుపోయింది, నాకు పొయ్యి మిగిలింది. అందుకు నాకేం బాధ లేదు. ఊళ్ళో ఎవరి మనసులో ఏముందో ప్రయోగశాలలో తెలియదు, టీ కొట్లో తెలుస్తుంది.

మా ఊరి చుట్టూ మడ అడవి. తుఫాను వస్తే ముందు దాని నెత్తిన పడాలి, ఆ తర్వాతే మా నెత్తిన. దాన్ని చూసుకోవడానికి మడ సంరక్షణ సమితి అని ఒకటుంది. కొమ్మ కొట్టాలన్నా కాలువ తవ్వాలన్నా సమితి చెయ్యెత్తాలి. అందులో పదకొండు కుర్చీలు, పదకొండూ పాత కుటుంబాలవే. తండ్రి పోతే కొడుకు కూర్చునేవాడు. మా నాన్న కుర్చీలో మాత్రం, కొడుకు టీ కాచుకుంటున్నాడని, మా అమ్మ బంగారమ్మ కూర్చుంది. అధ్యక్షుడు మల్లాడి సింహాద్రి హైదరాబాదులో అపార్ట్‌మెంట్లు కట్టిస్తూ ఫోనులోనే చెయ్యెత్తేవాడు.

ఈలోగా ఊరు ఊరే మారిపోయింది. మావాళ్ళు సగం మంది పట్నాలకి పోయారు. రొయ్యల చెరువుల పనికి బెంగాలు నుంచీ ఒడిశా నుంచీ వచ్చినవాళ్ళు రేవు పక్కన పాకలు వేసుకున్నారు. వాళ్ళ పిల్లలు మా పిల్లలకన్నా బాగా మా యాసలో తిట్టుకుంటారు. ఆ పాకల్లో సరళా మండల్ అనే ఆవిడ ఉంది. మొగుడు చెరువుల మీద కాపలా, తను మడలో పీతలు పట్టి అమ్ముతుంది. పన్నెండేళ్ళుగా రోజూ ఆ బురదలో దిగే మనిషి.

ఒకనాడు సరళ సమితి సమావేశానికి వచ్చింది. చెరువుల నుంచి వదిలిన నీళ్ళకి పీతలు చచ్చి తేలుతున్నాయని చెప్పబోయింది. ఫోనులోంచి సింహాద్రి గొంతు, "మీది ఈ ఊరు కాదు కదమ్మా, కూర్చో" అంది.

"కూర్చోడానికి కుర్చీ ఏదండీ?" అంది సరళ.

అందరూ నవ్వారు. గోడకి ఆనుకుని నిలబడ్డ మా అక్క నవ్వలేదు. ఇంటికొచ్చి అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది.

"అడవిలో ఎవరు బతుకుతున్నారో అడవినే అడిగితే?" అంది.

"ఏడిచినట్టుంది. చేప ముల్లు చూసుకుని తిను," అంది అమ్మ.

*

రేవులో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఉంది. అదే అక్క ప్రయోగశాల. అక్కడ మడ బురదలో ఉండే కంటికి కనపడని జీవుల్ని పెంచింది. ప్రతి మనిషి అరికాలికీ దానిదైన ఓ క్రిమికులం ఉంటుందట, వేలిముద్రలాగే ఎవరిది వాళ్ళదేనట. ఆ కులాన్ని రుచి చూసి గుర్తుపెట్టుకునేలా తన జీవుల్ని మలిచింది. కాలు పడినప్పుడల్లా అవి పక్కవాటికి చెప్పుకుంటాయి. బురదలో పాతిన కడ్డీలు ఆ కబురు విని తెర మీద వేస్తాయి.

నాకు ఇంతే అర్థమైంది. అమ్మకి అంత కూడా అక్కర్లేదు. తొలిసారి ఆవిడ్ని తీసుకొచ్చి బురద నింపిన తొట్టిలో కాలు పెట్టించాం. కాసేపటికి తెర మీద 'సంగాడి బంగారమ్మ' అని వచ్చింది. అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"నేనెవరో నాకు తెలీదా ఏంటే? దానికి బురద సాచ్చెం కావాలా?" అంది అమ్మ.

"నీకు అక్కర్లేదమ్మా. సరళకి కావాలి. ఆవిడకి కాగితం లేదు."

అదీ అక్క ఊహ. కాగితాలు అడిగితే పాత కుటుంబాలవాళ్ళే నెగ్గుతారు. కాబట్టి కాగితం వద్దు, కాలు చాలు. ఎవరైనా వచ్చి తొట్టిలో ఒకసారి కాలుపెట్టి పేరు చెప్పాలి, అంతే. తర్వాత అడవిలో మట్టి ఎవర్ని ఎరుగుతుందో వాళ్ళందరి పేర్లూ మూడు నెలలకోసారి చీటీలు వేసి పదకొండు మందిని తీస్తారు. ఊరు ఎలా మారితే సమితి అలా మారుతుంది. ఇంకో సంగతి కూడా పెట్టింది. నెలన్నర పాటు కాలు పడకపోతే మట్టి ఆ కాలుని మరిచిపోతుంది, తొట్టిలో చెప్పిన పేరూ దాంతోపాటే చెరిగిపోతుంది. సింహాద్రి లాంటివాళ్ళని వదిలించుకోవడానికి అంతకన్నా మంచి ఉపాయం లేదని నేనే మెచ్చుకున్నాను.

మోసం జరగకుండా కూడా జాగ్రత్తపడింది. కాళ్ళు కడిగిన నీళ్ళు పోస్తే పనిచెయ్యదు, మనిషి బరువు పడితేనే ఆ జీవులు మేలుకుంటాయి. అంత జాగ్రత్త మనిషి మా అక్క.

*

ఇక్కడ మా ఊరి కాలుకట్టు గురించి చెప్పాలి. తొలకరి తర్వాత వచ్చే అమావాస్యనాడు మా ఆడవాళ్ళు కాలి మడమకి పైన పసుపు దారం కట్టుకుంటారు, మగవాళ్ళకీ కడతారు. ఆనాటి నుంచి వినాయక చవితి ముందురోజు దాకా మడ బురదలో ఎవరూ కాలు పెట్టరు. వేట ఉంటే పడవ మీదే. ఆ రోజుల్లో తెల్లమడ కాయలు రాలి బురదలో నాటుకుంటాయి, పీతలు పిల్లలు పెడతాయి. ఒక్క అడుగు కింద ఎన్ని మొలకలు పోతాయో చెప్పలేం. చవితి ముందురోజు ఊరి పెద్దావిడ దారం తెంపి ముందు దిగుతుంది. ఆవిడ దిగితే ఊరంతా దిగొచ్చు. మూడేళ్ళుగా ఆ పెద్దావిడ మా అమ్మ.

అక్క ప్రయోగం రెండేళ్ళు నడిచింది. రెండేళ్ళూ తొలకరి పడగానే కడ్డీలన్నీ పీకించి, కాలుకట్టు అయ్యాక మళ్ళీ పాతించింది. ఆ నెలల్లో బురదలోకి మనుషుల్ని పంపడానికి ఆమెకి మనసొప్పలేదు. ఆచారాన్ని గౌరవించినందుకు పైనుంచి వచ్చిన అధికారులు తెగ పొగిడారు. ఎవరో ఊరూ పేరూ తెలియని శాస్త్రవేత్త అయితే ఏడాది పొడుగునా కొలిచేవాడు, తప్పెక్కడుందో మొదటి ఏడే దొరికేది. మా అక్క మా ఊరి పిల్ల కాబట్టి దొరకలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు.

మూడో ఏడు వేసవిలో ఇదే చట్టమైంది. తీరమంతా కడ్డీలు దిగాయి, ఈసారి పీకడానికి వీల్లేకుండా సీలు వేసి మరీ. తొలి చీటీల్లో సింహాద్రి పేరు లేదు. సరళ పేరు వచ్చింది, అమ్మ పేరూ వచ్చింది. ఆ రోజు నా కొట్లో అందరికీ టీ ఊరికే పోశాను. సరళ గ్లాసు పట్టుకుని తాగకుండా అలాగే నిలబడింది.

"అక్కా, నీ మట్టి నన్ను చూసింది. ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదు," అంది.

అక్క ఏడ్చేసింది. అమ్మ మాత్రం సరళ భుజం తట్టి, "కుర్చీ దొరికింది కదా, ఇంక కూర్చో," అంది.

మొదటి సమావేశంలోనే రొయ్యల చెరువుల గోపాలస్వామి అర్జీ వచ్చింది. మడ మధ్య నుంచి సముద్రానికి కాలువ తవ్వుకోనివ్వమని. పాత సమితి అయితే ఫోనులోనే చెయ్యెత్తేది. ఈసారి సరళ, అమ్మ, ఇంకో అయిదుగురు కాదన్నారు. గోపాలస్వామి నవ్వుతూ బయటికొచ్చి నా కొట్లో కూర్చున్నాడు.

"మీ అక్కది బంగారం లాంటి బుర్రండి. కాలు పెడితే చాలంట కదా?" అన్నాడు.

"ఆయ్, అంతేనండి," అన్నాను గొప్పగా.

*

తొలకరి పడింది. అమావాస్యనాడు అమ్మ పసుపు దారాల పళ్ళెం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఎప్పుడూ మా వీధితో ఆగిపోయే మనిషి ఈసారి పాకల దాకా వెళ్ళింది.

"సమితిలో మనిషివి. కాలు ఇయ్యి," అని సరళ కాలికి తనే కట్టింది.

"పీతలు?" అని భయంగా అడిగింది సరళ.

"చవితి దాకా నా పడవెక్కు. మాతోపాటే."

సరళని చూసి పాకల్లో ఇంకా చాలామంది కట్టుకున్నారు. అంతకు ముందెప్పుడూ ఊరంతా ఒక్క తీరున కాలుకట్టు ఉన్నది లేదు. మడ అంత నిశ్శబ్దంగా ఉండడం నేను చూడలేదు. కాయలు రాలుతుంటే పడవలోంచి వినపడేది.

ఆ నిశ్శబ్దంలోకి లారీలు వచ్చాయి. గోపాలస్వామి ఎక్కడెక్కడి నుంచో కూలీల్ని దింపాడు. వాళ్ళు తొట్టిలో కాలుపెట్టి పేరు చెప్పారు, బారులు తీరి మడలోకి దిగారు, ఆ చివరిదాకా నడిచారు, వెనక్కి వచ్చారు. కొమ్మ విరవలేదు, పీత పట్టలేదు. నడవడమే పని. మేమేం అడ్డు చెప్పగలం? ఎవరైనా దిగొచ్చని రాసింది మా అక్కే.

వాళ్ళలో ఒక ముసలాయన రోజూ మోకాళ్ళ దాకా బురదతో వచ్చి టీ తాగేవాడు. వచ్చీరాని తెలుగులో ఒకరోజు అడిగాడు. "బాబూ, మేం ఎందుకు నడుస్తున్నాం?"

ఇంకో బిస్కెట్టు ఇచ్చాను.

*

ఐసు ఫ్యాక్టరీలో తెర మీద మా ఊరి పేర్లు వెలవెలబోవడం మొదలైంది. ముందు బాగా తెల్లగా కనిపించే పేర్లు మసకబారాయి. అక్క తిండి మానేసి ఆ తెర ముందే కూర్చునేది. నన్ను తోడు తీసుకుని కాకినాడలో అధికారి దగ్గరికి వెళ్ళింది.

ఆయన మంచివాడే. కాఫీ తెప్పించాడు. అంతా విన్నాడు.

"రూలు మీరు రాసిందే కదా మేడమ్?"

"తప్పు రాశాను సార్. కాలు పెట్టకుండా ఉండడం కూడా కాపాడడమే. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు."

"ఎలా తీసుకోమంటారు? అడుగుపెట్టని వాళ్ళలో నేనూ ఉన్నాను. నాకూ ఓ కుర్చీ వేస్తారా?"

అక్క చేతిలో కాఫీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

"పోనీ, ఎవరు ఆచారం కోసం ఆగారో ఊరి పెద్దల్ని అడిగి రాసుకుందాం అంటారా? అప్పుడు ఎవరి పేర్లు రాస్తారో మీకూ తెలుసు. మళ్ళీ సింహాద్రి దగ్గరికే వస్తాం. మీరు ఇదంతా మొదలుపెట్టింది అందుకోసమే కదా," అన్నాడు. వెటకారంగా అనలేదు, జాలిగానే అన్నాడు. వచ్చే ఏటికి ఏదైనా సవరణ ఆలోచిద్దామన్నాడు. శ్రావణంలో చీటీలు తీసేస్తారు. వచ్చే ఏటికి కాలువ తవ్వడమే అయిపోతుంది.

తిరుగు బస్సులో అక్క ఒక్కటే మాట అంది. "సార్‌కి కోపమొచ్చినా బాగుండేదిరా."

ఇంటికి చేరేసరికి అమ్మ అరుగు మీద వల బాగుచేసుకుంటోంది. అక్క చెప్పులైనా విప్పకుండా ఆవిడ ముందు కూలబడింది.

"అమ్మా, ఒక్కసారి మడలో దిగు. అంచునే. ఒక్క అడుగు."

అమ్మ చేతిలో దారం ఆగింది. "పురుటింట్లోకి చెప్పుల్తో పొమ్మంటావేంటే?"

"ఎలాగూ వాళ్ళు తొక్కేస్తున్నారు కదమ్మా!"

"ఆళ్ళకి తెలీదు. మనకి తెలుసు."

"నీ పేరు చెరిగిపోతుంది. సరళ పేరూ పోతుంది. కుర్చీలన్నీ గోపాలస్వామి మనుషులకే పోతాయి. కాలువ తవ్వేస్తారు. అర్థమవుతోందా?"

"నేను దిగితే ఊరంతా దిగుద్ది. ఆ లారీలోళ్ళు తొక్కగా మిగిలిందేదైనా ఉంటే అది మన కాళ్ళ కిందే పోద్ది. అప్పుడు ఆ కుర్చీలో కూకుని దేన్ని కాయాలే నేను?"

అక్క తల బాదుకుంది. నేను తెలివితేటలు చూపించబోయి, అమ్మ కాళ్ళు కడిగిన నీళ్ళు పట్టుకెళ్ళి పోస్తే అన్నాను. అక్క నావైపు చూసిన చూపుకి, బరువు పడాలన్న సంగతి గుర్తొచ్చింది.

"నువ్వు దిగవే, కావలిస్తే," అంది అమ్మ మెల్లిగా. "నీ కాలికీ దారం ఉంది. తెంపుకుని దిగు. నేనేం అనను."

మర్నాడు మధ్యాహ్నం అక్క మడ అంచు దాకా వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. లారీలవాళ్ళు నడిచిన దారిలో మొలకలు బురదలోకి అణిగిపోయి ఉన్నాయి. ఆ దారికి అటూ ఇటూ మాత్రం ఇంకా లేతగా నిలబడి ఉన్నాయి. అక్క చాలాసేపు కాలు పైకెత్తింది, మళ్ళీ ఒడ్డునే దించింది. చివరికి గట్టు మీద చతికిలబడి మోకాళ్ళలో మొహం పెట్టుకుంది.

"నావల్ల కాదురా నూకా," అంది.

*

శ్రావణంలో చీటీలు తీశారు. పదకొండుకి పదకొండూ లారీల్లో వచ్చినవాళ్ళ పేర్లే. అప్పటికే వాళ్ళు వేరే చోట ఇంకో మడలో నడవడానికి వెళ్ళిపోయారు. సమావేశంలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వాళ్ళ తరఫున గోపాలస్వామి గుమస్తా ఒక్కడే పదకొండు చేతులూ ఎత్తాడు. కాలువకి అనుమతి వచ్చింది. సింహాద్రి ఉన్నప్పుడు పోనీ ఆయన గొంతయినా వినపడేది.

సరళ కిటికీ బయట నిలబడి చూసింది. తర్వాత కొట్టుకి వచ్చి టీ అడిగింది. కాలికి దారం ఇంకా ఉంది.

"దిగుంటే నీ కుర్చీ ఉండేదేమో," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"బంగారమ్మ కట్టింది కదా బాబూ. ఈ ఊళ్ళో నాకు ఎవరైనా కట్టింది అదొక్కటే," అంది. టీ సగం తాగి వెళ్ళిపోయింది. ఆ నెలాఖరుకి వాళ్ళు పాక పీకేసి వెళ్ళిపోయారు. చెరువుల మీద కాపలా పని ఊడింది, కారణం ఎవరూ చెప్పలేదు. పోయేటప్పుడు ఆ దారం తెంపుకోలేదని అమ్మ తర్వాత చెప్పింది.

*

చవితి ముందురోజు పొద్దున్నే ఊరివాళ్ళం మడ దగ్గర చేరాం. ప్రతి ఏడూ డప్పులు ఉంటాయి. ఈ ఏడు ఎవరూ తేలేదు. కాలువ తవ్వే పొక్లెయిన్ రెండు రోజుల ముందే వచ్చి అవతల గట్టున నిలబడి ఉంది. డ్రైవరు దాని నీడలో కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. పాపం, అవి నా కొట్లో కట్టించుకున్నవే.

అక్క చేతిలో చిన్న తెర ఉంది. కడ్డీల కబురు అందులోకే వస్తుంది. ఎందుకు తెచ్చావని నేను అడగలేదు. కాలిన చోటే మళ్ళీ మళ్ళీ తడుముకుంటాం కదా.

అమ్మ వంగి దారం తెంపింది. నీళ్ళలో వదిలింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, లారీలవాళ్ళ బాట వదిలేసి, ఓ వారగా మొలకలు లేని చోటు చూసుకుని కాలు పెట్టింది. బురద పిక్కల దాకా మింగింది. ఆచారం ప్రకారం చెయ్యి బురదకి ఆనించి, "అమ్మా, మేం వచ్చాం," అంది.

నేను అక్క భుజం మీదుగా తెర చూశాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఓ చుక్క వెలిగింది. పక్కన అక్షరాలు వచ్చాయి. 'కొత్త అడుగు. పేరు తెలియదు.'

అవతలి గట్టున డ్రైవరు చెయ్యి కడుక్కుని బండి ఎక్కాడు.

అమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని వెనక్కి తిరిగింది. ఎండ మొహాన కొడుతుంటే కళ్ళు చికిలించి చూసింది. తొట్టిలో తొలిసారి కాలుపెట్టిన రోజున కన్న కూతురు చప్పట్లు కొట్టడం గుర్తొచ్చిందో ఏమో, మొహంలో చిన్న నవ్వు ఉంది.

"ఏమందే నీ మట్టి? గుర్తుపట్టిందా?"

అక్క తెరని చీర కొంగులో చుట్టేసింది.

"పట్టిందమ్మా," అంది.

అవతల పొక్లెయిన్ మొదలైంది. ఆ చప్పుడులో అమ్మకి వినపడలేదు. మళ్ళీ అడిగింది.